నమూనా కోర్టులో గడియారం

"నేను దొంగని కాదండీ," అంటూ ఆ అమ్మాయి గుమ్మం దగ్గరే ఏడ్చేసింది.

నిదానమ్మ మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది. ఈ ప్రైవేటు డిటెక్టివ్ అసలు పేరు ఊళ్లో చాలామంది మరిచిపోయారు. కూర తరిగినా, హంతకుణ్ణి పట్టుకున్నా తొందరన్నది ఎరగదు కాబట్టి ఆ పేరే స్థిరపడింది. పక్కన కూర్చున్న ఫొటోగ్రాఫరు ఆమె సహాయకుడు. ఒకప్పుడు సొంత స్టూడియో నడిపేవాడు. ఆమె పనితనం ఒక్కసారి చూసి దానికి తాళం వేసి వచ్చేశాడు. వాళ్లావిడ ఇప్పటికీ ఆ మాటెత్తి దెప్పుతూనే ఉంటుంది.

అమ్మాయి కళ్లు తుడుచుకుని జరిగింది చెప్పింది. డిగ్రీలో మంచి మార్కులు వచ్చాయి, ప్రవేశ పరీక్షలో ర్యాంకు వచ్చింది. లా కాలేజీలో సీటుకి ఇక నిన్నటి ఇంటర్వ్యూ ఒక్కటే అడ్డం. ఆ కాలేజీలో నమూనా కోర్టు ఉంది. జడ్జి బల్ల, సాక్షి బోను, అన్నీ అచ్చం కోర్టులో ఉన్నట్టే. అభ్యర్థి అక్కడ నిలబడి వాళ్లిచ్చిన విషయం మీద వాదించాలి. సమయం చూడటానికి బల్ల మీద పాతకాలపు వెండి గడియారం పెడతారు. భోజనాల తర్వాత చూస్తే అది లేదు. అందరినీ సోదా చేస్తే ఈమె సంచిలో దొరికింది.

"నువ్వు వాదించేటప్పుడు సంచి ఎక్కడుంది?"

"సోదా దాకా మా బాబాయి దగ్గరే. సంచులు లోపలికి తేనివ్వరండీ. వెంట వచ్చినవాళ్లు వరండాలో పెట్టుకుని కూర్చోవాలి. బాబాయి లాయరు కదా, ధైర్యంగా ఉంటుందని తోడొచ్చాడు. మధ్యలో కునుకు పట్టిందట. పక్కనే ఇంకో అభ్యర్థి తండ్రి, ఒక డాక్టరుగారు కూర్చున్నారు. నాకు సీటు రాకపోతే అది వాళ్లబ్బాయికే వస్తుంది."

ఫొటోగ్రాఫరు మొహం వెలిగింది. నిదానమ్మ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"ప్రిన్సిపాల్ ఏమన్నారు?"

"తప్పు ఒప్పుకుని, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిస్తే పోలీసుల దాకా పోనన్నారు. ఇవాళ సాయంత్రం దాకా గడువిచ్చారు."

"మరి బాబాయి?"

"సంతకం పెట్టేయమన్నాడు. గొడవ ఇంతటితో పోతుంది, లా కాకపోతే ఇంకో చదువు అన్నాడు. నాకే చెయ్యి రాలేదండీ."

"లా ఎందుకు చదవాలనుకున్నావమ్మా?"

"మా నాన్న కోసం. గోడౌన్‌లో కాపలా ఉండేవాడు. అక్కడ నిప్పంటుకుని ఒకాయన చనిపోతే నాన్నే అంటించాడని శిక్ష వేశారు. పై కోర్టులో అప్పీలు బాబాయే చూస్తున్నాడు. ఎప్పుడడిగినా వాయిదా పడిందంటాడు. ఈ కాలేజీలో మొదటి ఏడాదే కోర్టు రికార్డు గదికి పంపి ఒక నిజం కేసు చదివిస్తారు. నాన్న కేసే చదువుతానని ఇంట్లో అందరికీ చెప్పాను."

నిదానమ్మ ఫొటోగ్రాఫరు చెవిలో ఏదో చెప్పింది. అతను బుర్ర గోక్కుంటూ, ఎందుకో అర్థం కాకపోయినా, పై కోర్టు ఆఫీసుకి బయల్దేరాడు.

కాలేజీలో ప్రిన్సిపాల్ మేడమ్ కోపంగానే ఉంది. "తండ్రి జైల్లో ఉన్నాడని తెలిసినా, పిల్ల తెలివిగలదని పిలిచాం. మాకు తగిన శాస్తే జరిగింది."

"నమూనా కోర్టులోకి బయటివాళ్లు వచ్చారా?"

"లాయర్లు వస్తే చూపిస్తాం, అది మా మర్యాద. నిన్న భోజనాల వేళ ఈ పిల్ల బాబాయి వచ్చి చూసి వెళ్లారు."

పిలిపిస్తే వచ్చిన డాక్టరు అప్పటికే మండిపడుతున్నాడు. "నా మీదా మీ అనుమానం? నన్ను గుమ్మం దాటనిస్తేగా. నల్లకోటు వాళ్లకే ఆ భోగం."

బాబాయి నల్లకోటులోనే వచ్చాడు. మాట నెమ్మది, మనిషి మర్యాదస్తుడు. "లా చదివినవాళ్లు జడ్జీలవుతారు, కంపెనీల్లో కుదురుకుంటారు, మాలాంటివాళ్లు కోర్టు మెట్లు అరగదీస్తారు. ఈ తిప్పలు పిల్లకెందుకని నా బాధ," అన్నాడు నిదానమ్మతో.

సాయంత్రం నిదానమ్మ అందరినీ నమూనా కోర్టులో కూర్చోబెట్టింది. ఫొటోగ్రాఫరు తిరిగొచ్చాడు. ఆమె చెవిలో రెండు ముక్కలు చెప్పి, అమ్మాయి వైపు చూడలేక తల దించుకున్నాడు.

"గడియారం ఈ గదిలో ఉంది, సంచి వరండాలో ఉంది," అని మొదలుపెట్టింది నిదానమ్మ. "అమ్మాయి సంచి ముట్టుకోలేదు. డాక్టరుగారు గది గడప తొక్కలేదు. రెండింటి దగ్గరికీ వెళ్లింది ఒక్కరే."

అమ్మాయి గభాలున లేచింది. "బాబాయా? కాదండీ. నన్ను ఎత్తుకుని పెంచాడు."

"నాకూ నమ్మబుద్ధి కాలేదమ్మా. కానీ నువ్వు చెప్పిన ఒక్క మాట నన్ను వదల్లేదు. చెయ్యని తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టమన్నాడు. ఎంత చేతకాని లాయరైనా, 'ఏ కాగితం మీదా సంతకం పెట్టకు, నోరు విప్పకు' అంటాడు. కన్నబిడ్డలా పెంచిన పిల్లకి ఆ మాట చెప్పలేదంటే, సీటు పోవాలనైనా కోరుకోవాలి, లాయరైనా కాకపోవాలి. ఆరా తీయిస్తే రెండూ నిజమని తేలింది. లాయర్ల జాబితాలో ఈయన పేరు లేదు. ఈయన ఏ కోర్టులోనూ నిలబడలేదు."

బాబాయి సాక్షి బోను అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆఖరి పరీక్ష తప్పాను," అన్నాడు. "అప్పటికే మా అమ్మ లాయరయ్యానని ఊరంతా చెప్పేసుకుంది. ఆ కోటు వేసుకున్నాను. జనానికి కాగితాలు రాసిచ్చేవాణ్ణి, వాదించాల్సివస్తే ఇంకో లాయరు దగ్గరికి పంపేవాణ్ణి. అలాగే గడిచిపోయింది."

"నాన్నని ఎవరి దగ్గరికి పంపావు?" అంది అమ్మాయి.

అతను నల్లకోటు విప్పి బోను మీద వేశాడు.

"నాన్న అప్పీలు ఎక్కడుంది బాబాయ్?"

"లేదమ్మా. వెయ్యలేదు. వేరే లాయరుకిస్తే, సొంత అన్న కేసులో నువ్వెందుకు నిలబడలేదని అందరూ అడుగుతారు. ఏదో ఒకటి చేద్దాం, చేద్దాం అనుకుంటూనే ఉన్నాను. నువ్వు రికార్డు గదికి వెళ్తానన్నప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. అప్పీలు లేదని నీకు తెలిసిపోతుందనే ఆ గడియారం నీ సంచిలో వేశాను."

దొంగని కాదంటూ పొద్దున ఏడ్చిన అమ్మాయికి ఇప్పుడు కన్నీళ్లు కూడా రాలేదు. "ఎప్పుడు వెళ్లినా నాన్న మొదట నిన్నే అడుగుతాడు. నా కోసం తమ్ముడు ఎంత కష్టపడుతున్నాడో, వేళకి తింటున్నాడో లేదో అంటాడు."

బాబాయి అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరూ లేపలేదు. డాక్టరు తన కోపమంతా మరిచిపోయి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ఫొటోగ్రాఫరుకి నిదానమ్మ తెలివి మీద ఎప్పుడూ పొంగే గర్వం ఆ రోజు పొంగలేదు. ఈ నిజం తెలియకపోయినా బాగుండేదనిపించింది.

"ఇంకా వెయ్యొచ్చా మేడమ్?" అని అడిగింది అమ్మాయి.

"గడువు ఎప్పుడో దాటిపోయింది," అంది ప్రిన్సిపాల్. గొంతులో పొద్దుటి కరుకుదనం లేదు. "ఆలస్యం మన్నించమని అడగొచ్చు. మంచి లాయరుని నేనే చూస్తాను. కోర్టు ఒప్పుకుంటుందని మాత్రం మాటివ్వలేను. నిన్ను దొంగన్నందుకు నన్ను క్షమించు. నీ సీటు నీదే. సోమవారం నుంచి క్లాసులు."

"మంగళవారం నుంచి వస్తాను మేడమ్. సోమవారం జైల్లో ములాఖత్ ఉంది. నాన్నకి నేనే చెప్పాలి."