ఎత్తని కల్లం

"అమ్మాయ్, ఆ సొరంగం చచ్చిందా, బతికుందా? నాకు ఒక్క మాట చాలు."

చీఫ్ భావనారాయణ బ్రీఫింగ్ ఎప్పుడూ ఇంతే. ప్రత్తిపాడు దగ్గర మిరప రైతు కొడుకు. మాటలో కారం తగ్గదు, మాట పొడుగు పెరగదు.

హైదరాబాద్‌లోని ఆ ఆఫీసుకు బోర్డు లేదు. స్క్రీన్ మీద ఉపగ్రహం తీసిన మంచుకొండ బొమ్మ ఉంది. సరిహద్దు అవతలి ఆ కొండ కడుపులో శత్రువు మిసైళ్ళు దాచిన సొరంగం. మన విమానాలు బాంబులు వేశాయి, ముఖద్వారం కూలింది. లోపల ఏమైందో దేవుడికి తెలియాలి, లేదా ఉపగ్రహ బొమ్మలు చదివే జ్యోతిర్మయికి తెలియాలి. సర్వీసులో ఆమె పేరు ఏజెంట్ మైనా.

"లోయలో మన జవాన్లు ఇరుక్కుపోయారు" అన్నాడు చీఫ్. "సొరంగం చచ్చిందని నీ కోడ్‌వర్డ్‌తో రిపోర్ట్ వస్తేనే హెలికాప్టర్లు ఎగురుతాయి."

"ఇంకా కొత్త బొమ్మలు చూడాలి సార్. చచ్చిన చోటు కదలదు. బతికిన చోటు ఎంత దాచినా కదులుతుంది."

"దారిలో చూసుకో. ముందు సత్తెనపల్లి వెళ్ళు. మన ఉపగ్రహాల గుట్టు అమ్ముతున్న ముఠా అక్కడే ఎక్కడో ఉంది. అడ్రస్ చెబుతానని లిడియా కబురు పెట్టింది."

"ఆ డబుల్ ఏజెంటా? ఆవిణ్ణి నమ్మమంటారా?"

"నమ్మొద్దు. విను."

వినడానికి వెళ్ళే ఇరుక్కుంది జ్యోతిర్మయి. విత్తనాల కంపెనీ ఆఫీసర్ వేషంలో సత్తెనపల్లి హోటల్లో కూర్చుంది. చీరాల పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో లిడియా ఎదురుగా కూర్చుని నవ్వింది. మాట తీయన, కాఫీ చేదు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి చుట్టూ నల్ల గ్రానైట్ గోడలున్న నేలమాళిగ. పెన్ కెమెరా లేదు, వాచీలోని ట్రాన్స్‌మిటర్ లేదు. సెల్‌ఫోన్ సిగ్నల్‌కు అక్కడ ప్రవేశమే లేదు. పైన గోడలో బెత్తెడు కిటికీ ఒకటి ఉంది. స్టూలెక్కితే నేలకు సమంగా మిరపకాయలు ఆరబోసిన కల్లం కనిపిస్తుంది.

మర్నాడు ముఠా నాయకుడు వచ్చాడు. పేరు హాలెన్, విదేశీయుడు. గ్రానైట్ కొనుగోలుదారు వేషంలో ఏళ్ళ తరబడి ఒంగోలు, చీమకుర్తి తిరిగి తెలుగు నేర్చాడు. రాయిని తట్టి దాని ధర చెప్పగలడు. వెనకే లిడియా.

"మీ లాప్‌టాప్, మీ కోడ్‌వర్డ్" అన్నాడు. "సొరంగం చచ్చిందని రాయండి. మా కేబుల్ లైను మీద పంపితే మీరు విజయవాడలో ఉన్నట్టే మీవాళ్ళకు కనబడుతుంది."

"రాయకపోతే?"

హాలెన్ ఫోన్ చూపించాడు. గుంటూరులో చెల్లెలు హారిక చదివే కాలేజీ హాస్టల్ గేటు, దాని పక్కన బైకు మీద ఒకడు.

"ఇంకో మాట. ఆపదలో ఉన్నామని చెప్పే మీ రహస్యపదం లిడియా మాకెప్పుడో అమ్మేసింది. తెలివితేటలు వద్దు."

ఉన్న ఒక్క తలుపూ మూసుకుపోయింది.

లాప్‌టాప్‌లో కొత్త బొమ్మలు తెరిచింది జ్యోతిర్మయి. కూలిన ముఖద్వారం దగ్గర రాళ్ళ కుప్ప నిన్నటికన్నా పెరిగింది. పైనుంచి కూలిన రాళ్ళయితే పడ్డచోటే ఉంటాయి. ఎవరో లోపలినుంచి తవ్వి బయటికి తోస్తున్నారు. కొండ అవతలి వైపు ఒక్కచోట మంచు కరిగి నల్లగా ఉంది. లోపల యంత్రాలు వేడి ఊపిరి వదులుతున్నాయి. సొరంగం బతికే ఉంది. హెలికాప్టర్లు లోయలో దిగితే ఒక్క కుర్రాడూ తిరిగి రాడు.

"సాయంత్రం వరకే టైము" అని ఇద్దరూ వెళ్ళిపోయారు.

జ్యోతిర్మయి స్టూలెక్కింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కల్లాన్ని చూసింది. రైతుబిడ్డ కళ్ళు, ఊరికే ఉండలేవు. కాయలు తిరగేసేవాళ్ళు లేరు. నిన్న సాయంత్రం పట్టా కప్పినవాళ్ళూ లేరు. ఎండకి ఎండి, మంచుకి నాని సగం కాయ తెల్లబారి తాలైపోయింది. ఏ రైతైనా వారం పది రోజుల్లో కల్లం ఎత్తేస్తాడు. ఇది నెల కిందటిది. పైకి మిరప వ్యాపారంలా కనబడాలని ఒకసారి పోయించి వదిలేశారు మహానుభావులు.

చచ్చిన చోటు కదలదు.

ఆమె కిందికి దిగి రిపోర్ట్ రాసింది. సొరంగం పూర్తిగా ధ్వంసం, లోపల కదలిక లేదు, హెలికాప్టర్లకు ప్రమాదం లేదు. చివర ఒక టెక్నికల్ వాక్యం: "రంగులు సరిచూసుకోవడానికి సత్తెనపల్లి ప్రాంతంలో నెలరోజులుగా మార్పులేని మిరప కల్లాన్ని ప్రమాణంగా తీసుకున్నాను."

హాలెన్ రెండుసార్లు చదివాడు. "కాలిబ్రేషన్. మార్పులేని చోటునే తీసుకోవాలి, కరెక్టే" అని తలాడించి లాప్‌టాప్ లిడియా వైపు తిప్పాడు. "నువ్వూ చూడు."

లిడియా కళ్ళద్దాలు తీసింది. చదువుతూ చివరి వాక్యం దగ్గర ఆగింది. ఆవిడది బాపట్ల వైపు. మార్పులేని మిరప కల్లం ఉండదని ఆ నేల మీద పుట్టినవాళ్ళకు వేరే చెప్పాలా? లిడియా తలెత్తి జ్యోతిర్మయి కళ్ళలోకి చూసింది.

"బాగానే ఉందండి. పంపించేయండి" అంది లిడియా.

రిపోర్ట్ వెళ్ళింది. రెండు మూడు గంటలు గడిచాక జవాబొచ్చింది. హాలెన్ పైకి చదివాడు: "రిపోర్ట్ అందింది. శభాష్. హెలికాప్టర్లు బయల్దేరాయి."

చీఫ్‌కు అర్థం కాలేదా? మిరప రైతు కొడుక్కే అర్థం కాలేదా? జ్యోతిర్మయి లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఆ జవాబు తనే మళ్ళీ చదివింది. ఆ కుర్రాళ్ళను తన చేత్తోనే పంపినట్టనిపించింది.

"థ్యాంక్యూ మైనా. ఇక మీతో పనిలేదు." హాలెన్ పిస్టల్ తీశాడు.

అప్పుడు పైన ట్రాక్టర్ ఆగిన చప్పుడైంది. గోనెసంచులు దబదబా కిందపడ్డాయి. ఒక గొంతు ఊరంతా వినబడేలా అరిచింది.

"ఒరేయ్, కాయంతా తాలైపోయిందిరా! ఎవడ్రా ఈ కల్లం ఆసామి? ఇంత బద్ధకమా?"

చీఫ్ గొంతు! హాలెన్ ఉలిక్కిపడ్డాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. అంతలో అతని చెవి వెనక చల్లగా తగిలింది లిడియా పిస్టల్.

"దించండి హాలెన్ గారూ."

తలుపు విరిగింది. లుంగీలు, తలపాగాలు కట్టుకున్న కమాండోలు లోపలికి దూకారు. వెనకే భుజాన తువ్వాలుతో చీఫ్.

"హెలికాప్టర్లు?" జ్యోతిర్మయి ఎదురెళ్ళి అడిగింది.

"ఎగిరితేగా! వాడు చదువుకోవడానికి రాసిన జవాబది. నెలరోజుల బొమ్మలు పక్కపక్కన పెట్టాను. చుట్టూ ప్రతి కల్లం కదిలింది, ఇదొక్కటే కదల్లేదు. నువ్విక్కడ బందీవని, రిపోర్ట్ అబద్ధమని తేలిపోయింది. ఆ సొరంగం పని విమానాలు మళ్ళీ మొదలుపెట్టాయి. తర్వాతే జవాన్ల దగ్గరికి వెళ్తారు."

"హారిక..."

"హాస్టల్ దగ్గరివాడు నా మనిషేనండి. ఇందాకే పైకెళ్ళి ఫోన్ చేసి పంపించేశాను" అంది లిడియా, బేడీలకు చేతులు తనే చాపుతూ.

"నన్ను అమ్మావు. మళ్ళీ ఎందుకు కాపాడావు?"

"మా అమ్మ మిరపకోతకెళ్ళేదండి. కాయని మంచుకొదిలేసినవాడు ఈ నేల మీద నిలవడని ఆ వాక్యం చదవగానే తెలిసింది. ఓడేవాళ్ళ వైపు నేనెందుకుంటాను?"

ఆవిణ్ణి జీపెక్కిస్తుంటే చీఫ్ తల గోక్కున్నాడు. "ఈవిణ్ణి ఏం చేద్దాం అమ్మాయ్? అరెస్టా, ఉద్యోగమా?"

ఎండలోకి వచ్చిన జ్యోతిర్మయి గుండెనిండా ఘాటు పీల్చి, హాయిగా ఒక తుమ్ము తుమ్మింది. తెల్లబారిన కాయ ఒకటి ఏరి చీఫ్ చేతిలో పెట్టింది.

"మీకు తెలియందేముంది సార్? గుంటూరు మిర్చి యార్డులో తాలుకాయకీ కొనేవాడుంటాడు. కాకపోతే మేలురకంలో కలపకూడదు."