తాళం వెనకే తాళంచెవి

ఆ శుక్రవారం గూఢచారి కుజె చేయవలసిన పనులు: కాపీ మెషిన్ మెకానిక్ వేషంలో జపాన్‌లోని నగోయా రేవులో ఉన్న ఓడల కంపెనీలో దూరడం. ఓడల కంపెనీ కంప్యూటర్లు, గిడ్డంగుల కంపెనీ కంప్యూటర్లు తొలిసారి కలిసేది మధ్యాహ్నం పన్నెండింటికి. ఆలోగా విదేశీ ముఠా పేలుడు మందును ఏ కంటైనర్‌లో దాటిస్తోందో పట్టుకోవడం. ముఠాలో చేరిన మన ఏజెంటు మినాసె ఇచ్చే సంకేతం అందుకోవడం. ఎవరి కంటా పడకపోవడం.

పదకొండూ యాభైకి మినాసె వచ్చింది. ముత్యాల రంగు సూటు. రెండు సిస్టమ్‌లనూ కలిపే కన్సల్టెంటు హోదా.

"కాగితం ఇరుక్కుందా?"

"తీసేశాను."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఈరోజు సరుకు రావట్లేదు. వెళ్లిపో."

కుజె పెట్టె సర్దుకుంటున్నాడు. పక్క బల్ల దగ్గర హమసాకి నొబుకో గొణిగింది. ఇరవై రెండేళ్లుగా ఒక కంపెనీ అంకెలు చూసి రెండో కంపెనీ కంప్యూటర్‌లో ఎక్కిస్తున్న గుమాస్తా ఆమె. పన్నెండు దాటితే ఆ పని ఉండదు.

"గిడ్డంగి కాగితంలో బొమ్మల కంటైనర్ ఇరవై ఆరు టన్నులు. తెర మీద ఏడు. ఏం బొమ్మలో మరి, ఏనుగులేమో."

కుజె ఆగాడు. "ఎవరైనా మార్చారంటారా అమ్మా? ఫైలుకి తాళం ఉంటుందిగా?"

"ఉంటుంది బాబూ. తాళమేసిన ఫైలు ఒక మెయిల్‌లో పంపుతాం. తాళంచెవి, అంటే పాస్‌వర్డ్, వెనకే ఇంకో మెయిల్‌లో, అదే అడ్రసుకి. వద్దని మూడుసార్లు రాసిచ్చాను. మానేస్తే అవతలి కంపెనీకి మర్యాద తక్కువవుతుందన్నారు మేనేజరు గారు."

"మాకు పనే లేకుండా చేశారు. ఆ మెయిళ్ల కోసం కాచుకుని కూర్చున్నాం, అంకె మార్చాం, అంతే." వెనక నుంచి మినాసె అంది. ఆమె చేతిలో చిన్న పిస్తోలు.

ఆమె ఎటువైపో కుజెకు అర్థమైంది. పన్నెండుకు ఇంకా అర నిమిషం. ఆ తర్వాత రెండు చోట్లా ఏడు టన్నులే మిగులుతుంది, గేటు దానంతటదే తెరుచుకుంటుంది. కుజె చేతిలోని టోనర్ డబ్బా ఆమె మొహాన కొట్టాడు. నల్లపొడి. పిస్తోలు పేలింది, గుండు పైకప్పుకి తగిలింది. పిస్తోలు లాక్కుని అరిచాడు.

"రెండిటినీ కలిపేది ఏ వైరు?"

"ఇదే," అంది నొబుకో. అప్పటికే పీకేసింది. ఇంకా ఆరు సెకన్లున్నాయి.

కంటైనర్ దొరికింది, రేవుకి ముప్పు తప్పింది. విచారణ జరిగింది. మెయిళ్లు నొబుకో పేరు మీద వెళ్లాయి కాబట్టి తప్పు ఆమెది. మేనేజరు చేసింది కంపెనీ పద్ధతి పాటించడం మాత్రమే. అనుమతి లేకుండా వైరు పీకడం రెండో తప్పు. సాక్ష్యం చెప్పడానికి కుజె అనే మనిషి ఏ కాగితంలోనూ లేడు. ఆమె అందరికీ వంగి నమస్కరించి ఉద్యోగం వదిలి వెళ్లిపోయింది.

సోమవారం రెండు సిస్టమ్‌లూ చక్కగా కలిశాయి. మేనేజరు గారు కేకు కోశారు. మీ పార్సెల్ ఎక్కడుందో ఫోన్‌లో కనబడినప్పుడు హమసాకి నొబుకోను ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ పని ఆమె కంపెనీ చేయదు.