గాలి మాస్టారి ఇల్లు

జక్కయ్య మాస్టారు పొద్దున్నే ప్రార్థన ముగించి, ఆమెన్ అన్న నోటితోనే "ఏమే, తాడేదీ?" అని అరిచాడు.

ఫిలోమినా వంటింట్లో ఇడ్లీ పాత్ర దించుతోంది. కుడి భుజం కలుక్కుమంది. పళ్లు బిగబట్టి పాత్ర గట్టుమీద పెట్టి, "గేటుకే ఉందండీ. మీరు కట్టిందేగా," అంది.

నరసరావుపేటలో ఆస్పత్రులన్నీ వరసకట్టిన వీధి అది. మాస్టారు ఇల్లు కట్టిన రోజుల్లో ఎదురుగా కందిచేను ఉండేది. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల ఆస్పత్రి. ఎనిమిది కొట్టేసరికి శావల్యాపురం నుంచి, నూజెండ్ల నుంచి జనం బళ్లమీద రోగుల్ని ఎక్కించుకుని దిగిపోతారు. ఆస్పత్రి వైపు బండి ఆపితే ట్రాఫిక్ వాళ్లు ఫొటో తీసి చలానా పంపుతారు. అందుకని ఇవతలి వైపు, సరిగ్గా మాస్టారి ప్రహరీ పొడవునా తెల్లగీత గీసి, మోటారుసైకిళ్లు ఇక్కడ పెట్టుకోవచ్చని బోర్డు పాతారు. గేటుకెదురుగా మాత్రం దారి వదిలారు.

ఆ గీతంటే మాస్టారికి ఒళ్లుమంట. ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని గీత దాటనివ్వని మనిషి, తన గోడ ముందు ఇంకెవడో వచ్చి గీత గీస్తే ఊరుకుంటాడా? గీత పొడుగునా అయిదు బండరాళ్లు పెట్టించి, రోజూ పొద్దున్నే వాటికి తాడు కట్టేవాడు. తాడు జరిపి ఎవరైనా బండి పెట్టారో, అగ్గిపుల్ల పట్టుకుని వెళ్లి టైరు మూత విప్పి నొక్కేవాడు. తుస్సు! ముందుదీ, వెనకదీ. మూడేళ్లుగా ఇదే ఉద్యోగం. ఇంట్లో వద్దన్నప్పుడల్లా ఒకటే జవాబు, నా గుమ్మం నా ఇష్టం.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. పదకొండింటికి ఆయన స్నానానికి వెళ్లగానే ఫిలోమినా పాత పంపు చెంగుచాటున పెట్టుకుని బయటికొచ్చేది. సర్వీసులో ఉన్నప్పుడు ఆయన ఫుట్‌బాళ్లకు గాలి కొట్టిన పంపు అది. కాళ్లకింద తొక్కిపట్టి, రెండు చేతులా దబదబా కొట్టేది. బండి తాలూకు మనిషి అప్పుడే వస్తే, "ఏమనుకోమాకయ్యా, పెద్దాయన," అని బతిమాలేది. పెద్దామె చెమటలు కక్కుతూ గాలి కొడుతుంటే తిట్టడానికి ఎవరికి నోరొస్తుంది? గొణుక్కుంటూ పోయేవాళ్లు. భుజం పట్టేసిందంటే కూతురు దీపిక ఎడ్లపాడు నుంచి ఫోన్‌లో కేకలేసింది. "మిక్సీ ఉందిగా అమ్మా, ఇంకా ఆ రోలేంది నీకు?" పాపం రోలు మీదికి పోయింది నేరం.

అదీ కాదు ఆమెను ఎక్కువ కాల్చింది. ఒకప్పుడు బడిపిల్లలు ఆయన్ని ముద్దుగా "గాలి మాస్టారు" అనేవాళ్లు, బంతులకు గాలి కొడతాడని. ఇప్పుడు ఆటోవాళ్ల దగ్గర్నుంచి మందుల కొట్టు వాళ్లదాకా వీధంతా అదే పేరు. ఆ పాత పిలుపును ఊరు ఇంకా మర్చిపోలేదని మాస్టారు పొంగిపోతాడు. ఎందుకంటున్నారో ఆమెకు తెలుసు.

ఆ రోజు పదకొండు దాటింది. గీతలోపల ఒకే ఒక్క బండి ఉంది, రెండు టైర్లూ నేలకు అతుక్కుని. ఫిలోమినా పంపు తొక్కిపట్టి నాలుగు దెబ్బలు కొట్టింది. అయిదోదానికి చెయ్యి పైకి లేవలేదు. కళ్లు చీకట్లు కమ్మాయి. పంపు గేటుకు ఆనించి, వరండా మెట్టుమీద కూలబడింది. అప్పుడే ఎదుటి ఆస్పత్రిలోంచి పంచె ఎగ్గట్టిన మనిషి చేతిలో చీటీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. బండి స్టాండు తీశాడు. అది కదల్లేదు.

"ఎవడ్రా నా బండికి గాలి తీసింది?"

మాస్టారు అప్పుడే తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "నేనే. ఏంది కేకలు? నా గుమ్మం ముందు ఎవరు పెట్టమన్నారు?"

"గుమ్మం ముందు యాడ పెట్టానయ్యా? తెల్లగీత లోపలేగా పెట్టింది! అటు పెడితే ఫైనంటిరి, ఇటు పెడితే గాలి తీస్తిరి, మేం బండ్లు నెత్తిన పెట్టుకోవాల్నా? లోపల నా బిడ్డకు కాన్పు ఆపరేషను. రక్తం తెమ్మని చీటీ రాసిచ్చారు!"

"అదేదో ముందే చెప్పి పెట్టాల్సింది. ఇల్లు నాది."

"ఇల్లు నీదే. రోడ్డు కూడా నీదా?"

కేకలకు వీధిలో నలుగురు పోగయ్యారు. ఆటో జమీర్ బండి అక్కడికే తిప్పాడు. "గాలి మాస్టారి గోడ కాడ పెట్టావా పెద్దాయనా! ఎక్కు, బ్లడ్ బ్యాంకుకు నేను తీసుకుపోతా. నీ పేరేంది?"

"పుల్లారావయ్యా. తొందరగా పోనీయి." ఆటో దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

మాస్టారు పోగైన జనం వంక గర్వంగా చూసి, భార్యవైపు తిరిగాడు. "చూశావా? నిన్నగాక మొన్నటి ఆటో కుర్రాళ్లకు కూడా నేను గాలి మాస్టార్నే."

ఫిలోమినా లేచి నిలబడింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఎన్నడూ రాని మాట ఆమె నోట్లోంచి వచ్చింది.

"సిగ్గు లేదూ నీకు?"

మాస్టారి చేతిలో తువ్వాలు అట్లాగే ఉండిపోయింది. "ఏందీ, నువ్వంటున్నావా నన్ను?"

"అంటా! ఇంకా అంటా! ఆ బిడ్డకు ఏమన్నా అయితే ఏ మొహంతో గుడికొచ్చి మోకరిస్తావు? గాలి మాస్టారంటే ఏందనుకున్నావు? బంతులకు గాలి కొట్టినవాడనా? ఆ పిల్లలు పెద్దోళ్లయి యాడికో పోయారు. బండ్లకు గాలి తీసేవాడని అంటున్నారు నిన్ను! ఆస్పత్రికొచ్చే ప్రతివాడికీ చెప్తారు, గాలి మాస్టారి గోడ కాడ పెట్టమాకండి అని. ఊరంతా నవ్వుతుంటే నువ్వొక్కడివే మీసం దువ్వుకుంటున్నావు!"

ఆయన జనంవైపు చూశాడు. మందుల కొట్టతను మొహం తిప్పుకున్నాడు. మెల్లగా అందరూ జారుకున్నారు.

మాస్టారు వరండాలో కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తర్వాత గేటుకు ఆనించిన పంపు ఆయన కంటపడింది.

"అదెందుకు బయటికొచ్చింది?"

"మూడేళ్లుగా వస్తూనే ఉంది. నువ్వు తీసిన ప్రతి టైరుకూ నేను కొట్టా. ఈ భుజం రోటితో పోయిందనుకున్నావా?"

కోపం తెచ్చుకుంటాడనుకుంది. ఆయన మొహం పాలిపోయింది. "ఎందుకు కొట్టావే?" అన్నాడు. "నువ్వు కొట్టకుండా ఉంటే, వాళ్లు వచ్చి నన్ను నాలుగు తిట్టేవాళ్లుగా. మూడేళ్లలో ఒక్కడూ గేటు తట్టలేదు. నేను చేసేది సబబే కాబోలు అనుకున్నా."

ఫిలోమినాకు ఒళ్లంతా భగ్గుమంది. తప్పు తనమీదికి నెడతాడా! కానీ ఆయన చెప్పింది సాకే అయినా, అందులో నిజం ఉంది. మొగుడి పరువు కాపాడుతున్నాననుకుని, ఆ పరువు తీసే పనికి ఇన్నాళ్లూ తనే చెయ్యి కలిపింది. మొదటి రోజే ఎవరో ఒకరు ఆయన్ని కడిగేసి ఉంటే, ఈరోజు పుల్లారావు చీటీ పట్టుకుని రోడ్డుమీద అట్లా నిలబడేవాడు కాదు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

గంటకి ఆటో తిరిగొచ్చింది. పుల్లారావు సంచీ గుండెలకు హత్తుకుని ఆస్పత్రిలోకి పరిగెత్తాడు. భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వరండాలోనే కూర్చున్నారు. అన్నం వండిన గిన్నె మూత తీయలేదు. మూడు దాటాక పుల్లారావు మళ్లీ బయటికొచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మాస్టారు లేచి గేటుదాకా వెళ్లాడు. "అమ్మాయికి..."

"బతికింది. మనవడు పుట్టాడు. నీ దయ వల్ల కాదు!" పుల్లారావు గొంతు వీధి చివరిదాకా వినబడింది. "చదువు చెప్పిన పంతులంట! మా ఊళ్లో పశువుల కాపరికి ఉంది నీకంటే బుద్ధి. నా బిడ్డ బల్లమీదుంటే నేను బండి పట్టుకుని ఏడవాల్నా? నీ కూతురైతే ఇట్లాగే అగ్గిపుల్ల పెట్టి నొక్కుతావా?"

అలవాటు కొద్దీ ఫిలోమినా లేచింది. ఏమనుకోమాకయ్యా, పెద్దాయన అన్న మాట నాలుక చివరికొచ్చేసింది. గుమ్మం పట్టుకుని ఆగిపోయింది. మొగుడు నడివీధిలో తలదించుకుని తిట్లు తింటుంటే గుండె కోసినట్టుంది, కళ్లు ధారలు కడుతున్నాయి, అయినా అడ్డం వెళ్లలేదు.

పుల్లారావు అలిసిపోయి ఆగాక, మాస్టారు రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయింది నాయనా. ఆ బండి ఇట్లా ఇయ్యి. గాలి కొట్టించుకొస్తా," అని, బండి హ్యాండిలు పట్టుకుని నెట్టడం మొదలుపెట్టాడు. అరవై ఆరేళ్ల మనిషి, పదడుగులకే ఆయాసపడ్డాడు. పుల్లారావు కాసేపు చూసి, విసుక్కుంటూ వెళ్లి వెనకనుంచి చెయ్యి వేశాడు.

చీకటి పడకముందే మాస్టారు రాళ్లన్నీ దొర్లించి పెరట్లో పడేశాడు. లోపలికొచ్చి భార్య పక్కన కూర్చుని, ఆమె భుజంమీద భయం భయంగా చెయ్యి వేశాడు.

"ఇక్కడేనా నొప్పి?"

"కొంచెం కిందికి," అంది ఫిలోమినా, ఇంకా కోపంగానే.