యార్డు వెనక స్నానాలగది

గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో యలమందయ్య గారి అద్దె ఇల్లంటే ఆటోవాళ్లు కూడా గేటు దాకా వచ్చేవాళ్లు కాదు. వీధి మొదట్లోనే దింపేసి పోయేవాళ్లు. నిజానికి ఇల్లు మంచిదే. గాలీ వెలుతురూ ఉన్న హాలు, పెద్ద వంటిల్లు. స్నానాలగదిలో యలమందయ్య మోజుపడి గ్యాసు గీజరు కూడా పెట్టించాడు. ఆ ఉన్నదేదో ఆ స్నానాలగదిలోనే ఉందనేవాళ్లు.

అదీ చలికాలంలోనే. ఎండాకాలంలో అది ఎవరి జోలికీ వచ్చేది కాదు. చలి మొదలైతే మాత్రం... లోపలికి వెళ్లినవాళ్లు తమ కాళ్లమీద తాము బయటికి రారు.

నేను పక్కింటివాణ్ణి. కొంత కళ్లారా చూశాను, మిగతాది సంజీవరావు మాస్టారు చెప్పగా విన్నాను. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, ఆడినా అతికేట్టు ఆడలేడు.

మొదట పడింది ప్రేమ్‌చంద్ అనే బ్యాంకు గుమాస్తా. రెండువేల మూడు జనవరి, యార్డులో కొత్త మిరపకాయ దిగుతున్న రోజులు. ఆ రోజుల్లో మా వీధిలో కిటికీ తెరిచే మొనగాడు లేడు, ఘాటుకి దగ్గి చావాలి. ప్రేమ్‌చంద్ కూడా కిటికీ రెక్కలు మూసుకునే స్నానానికి దిగాడు. ఎంతకీ రాకపోతే తలుపు విరగ్గొట్టి బయటికి లాగారు. గుండెలమీద ఎవరో ఎక్కి కూర్చున్నారని చెప్పి, ఆ వారంలోనే ఇల్లు ఖాళీ చేశాడు.

ఆ కిటికీ అవతల మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు ఉంది. అందులో ఎప్పుడో ఎవరో ఉరేసుకున్నారని ఒకరు గుర్తు చేశారు. ఇంకేం — ఆ కిటికీలోంచే వస్తోందని వీధి వీధంతా తేల్చేసింది.

ఆ ఏడాది ఆఖర్లో లక్ష్మీదుర్గ అని, కొత్తగా పెళ్లయిన అమ్మాయి కాపురానికొచ్చింది. ఈ కబురు ఆ పిల్ల చెవిన పడ్డాక కిటికీకి పత్తి కూరిన గోనెసంచి అడ్డం పడింది. దాని పైన నిమ్మకాయా, ఎండుమిరపకాయలూ గుచ్చిన దండ వేలాడింది.

సంచి అడ్డం పడ్డ మూడోరోజు పొద్దున్నే లక్ష్మీదుర్గ స్నానానికి వెళ్లింది. ప్రేమ్‌చంద్‌ని లాగితే లేచాడు... ఆ పిల్ల లేవలేదు. ఒంటిమీద చిన్న గాటు కూడా లేదు.

ఏడాదికి పైగా ఇంటికి తాళమే. తర్వాత సంజీవరావు మాస్టారు దిగాడు. మేం ప్రభువుని నమ్ముకున్నవాళ్లం, దెయ్యాలకి మా ఇంట్లో చోటు లేదండీ అన్నాడు. ఆయన భార్య మహిమ తల్లి లేని పిల్ల, అందుకని పురుడు ఇక్కడే పోసుకుంది. బాలింతకి నీళ్లు పోయడానికి కరీమున్ వచ్చేది. మా పేటలో ఏ మతం బాలింతకైనా ఆవిడ చేతి నీళ్లే.

ఆవేళ ఇరవై ఒకటో రోజు. ఎముకలు కొరికే చలి, ఇంకా తెల్లవారలేదు. బిడ్డకి ముందు నీళ్లు పోసి, గుడ్డలో చుట్టి తండ్రి చేతికిచ్చి, కరీమున్ తలుపు గడియ పెట్టుకుంది. బాలింత ఒంటికి గాలి తగలకూడదు కదా. తలుపు కింది సందులో పాత చీర కూడా కుక్కింది.

మాస్టారు బయట నిలబడ్డాడు. లోపల చెంబు తర్వాత చెంబు... నీళ్లు పోస్తున్న చప్పుడు. కరీమున్ ఏవో కబుర్లు చెబుతోంది. కాసేపటికి కబుర్లు ఆగాయి. తర్వాత చెంబు చప్పుడూ ఆగింది. కుళాయి ఒక్కటే పారుతోంది.

"అమ్మాయ్... నిద్రపోకే..." కరీమున్ గొంతు, గుసగుసలా.

ఏమైందని మాస్టారు తలుపు కొట్టాడు.

"ఎవరో నా కాళ్లు పట్టుకున్నారు బాబూ... లేవనివ్వట్లేదు..."

అంతే. మళ్లీ మాట లేదు.

మహిమా, మహిమా అని పిలిచాడు. పలకలేదు. ప్రార్థన చేద్దామంటే ఒక్క వాక్యమూ గుర్తుకు రాలేదట. బిడ్డ ఇవతల, బిడ్డ తల్లి అవతల, మధ్యలో ఆ తలుపు — దాని వెనక ఏముందో తెలీదు. బిడ్డని మంచంమీద పడుకోబెట్టి, సాయం రమ్మని వీధిలోకి అరిచాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నిజం చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను, మాదీ తెరుచుకోలేదు.

తలుపు భుజంతో గుద్దాడు, కదల్లేదు. ఇక మిగిలింది ఆ కిటికీ. మిల్లు వైపు చీకట్లోకి పరిగెత్తి, ప్రహరీ గోడెక్కి, ఆ గోనెసంచి పట్టి లాగాడు. అది ఊడొచ్చింది —

మొహమ్మీద వెచ్చటి ఊపిరి.

వాసన లేదు. చప్పుడు లేదు. ఎవరో నోరు తెరిచి మొహమ్మీదికి ఊదినట్టు... కళ్లు తిరిగి గోడమీంచి పడబోయాడు. లోపల మహిమ పీటమీద కూర్చుని, గోడకి తల ఆనించి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ఆ కళ్లు ఆయన్ని చూడటం లేదు.

ఎలా దిగాడో తెలీదు. రోటి పొత్రం ఎత్తి తలుపుమీద వేశాడు. రెండో దెబ్బకి గడియ ఊడింది. ఇద్దర్నీ ఈడ్చుకొచ్చి పెరట్లో పడేశాడు, తడిబట్టల్తో, ఆ చలిలో. ఏ గాలి తగలకూడదని అంత జాగ్రత్తపడ్డారో, ఆ గాలే తగిలి మహిమ దగ్గింది. ఆ దగ్గు వినబడ్డాకే నాకు ధైర్యం వచ్చి ఆటో కోసం పరిగెత్తాను.

ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పేరు మాధురి. మేం దెయ్యం సంగతి ఎత్తేలోపే, నీళ్లు దేనిమీద కాస్తారని అడిగింది. గ్యాసు గీజరన్నాం. గది లోపలేనా, పొగ బయటికి పోయే గొట్టం ఉందా అంది. లోపలే, గొట్టం లేదు, కిటికీకి కూడా గోనెసంచి కుక్కేసి ఉందన్నాడు మాస్టారు.

ఆ మంట గదిలో గాలి తినేసి విషవాయువు వదులుతుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, ముందు కాళ్లే చచ్చుబడతాయనీ చెప్పింది. గీజరు బయటి గోడకుండాలట, లేదా గొట్టం బయటికి పోవాలట. ఏది ఎలా ఉన్నా కిటికీ మూయనే కూడదట.

"ఇంకో ఐదు నిమిషాలైతే ఇద్దరూ పోయేవాళ్లు. అసలా కిటికీ అంత గట్టిగా మూసిందెవరండీ?"

"మేం దిగేసరికే ఉందండీ" అని మాస్టారు నా వైపు చూశాడు, నాకేమైనా తెలుసేమోనని.

నాకు తెలుసు. ఆ రోజు లక్ష్మీదుర్గ పిట్టగోడ దగ్గరికొచ్చి, బాబాయి గారూ, అందులోంచి ఎవరో చూస్తున్నట్టుంది, భయమేస్తోందండీ అంటే... భయపడకమ్మా అని నిచ్చెన వేసుకుని, చీమ దూరే సందు లేకుండా, ఆ సంచి కుక్కింది నేనే.