చుక్క పడని కారు

1998 జూలై 14, మంగళవారం. తెల్లవారకముందు మొదలైన సన్నటి తుంపర మధ్యాహ్నమైనా ఆగలేదు. గాలి లేదు. షెడ్డు రేకుల మీద వాన పడుతున్నట్టు చప్పుడైనా లేదు. చూరు నుంచి జారే నీళ్ళు చూస్తేనే తెలుస్తోంది.

ఆ షెడ్డులో, పాత కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు చినమేస్త్రీ. అతను పెదమేస్త్రీకి మేనల్లుడు. పని నేర్చుకున్నదీ, నడుం వంగిందీ అక్కడే. ఆ షెడ్డూ, ఆ కారూ పెదమేస్త్రీవే. ఆయన పోయి మూడు నెలలైంది. పిల్లల్లేరు. షెడ్డు వెనకే ఇల్లు, ఇంట్లో అత్తయ్య, ఆ ఇంటి కప్పేమో ఒక పక్కకి ఒరిగిపోయింది.

“కప్పు నా నెత్తిన పడకముందే ఏదో ఒకటి అమ్మాలిరా,” అంది అత్తయ్య. “కారు పోతే సరే. పోకపోతే షెడ్డు అమ్మేస్తాను. నన్ను తిట్టుకోకు.”

షెడ్డు పోతే చినమేస్త్రీకి ఇంకో చోటు లేదు. ఆ వయసులో వేరే వాళ్ళ దగ్గర కూలికి చేరాలి.

కారుకి బేరం దొరికింది. పళ్ళ డాక్టరు ఒకాయన ముచ్చటపడ్డాడు. ఒకటే షరతు. “వరండాలో కొత్తగా తెల్లరాయి వేయించాను మేస్త్రీ. ఒక్క చుక్క ఆయిలు పడిందంటే మా ఆవిడ కారునీ నన్నూ కలిపి గేటు బయట పెడుతుంది. రేపు పొద్దున వస్తాను. కిందకి వంగి చూస్తాను.”

కారేమో ఇరవై ఏళ్ళుగా కారుతూనే ఉంది. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఉన్న రబ్బరు సీలు ఎండి చెక్కలా అయిపోయింది. దాన్ని మార్చాలంటే గేరుబాక్సు దించాలి. దించినా ఆ మోడలు సీలు ఎక్కడా దొరకదు.

అందుకని మందు తెచ్చాడు.

ఈ మందు సంగతి కాస్త చెప్పుకోవాలి. డబ్బాలో వస్తుంది, తేనెలా చిక్కగా ఉంటుంది. ఇంజను ఆయిల్లో పోసి బండి తిప్పితే, ఎండిపోయిన రబ్బరు మెత్తబడి, ఉబ్బి, సందు మూసేస్తుంది. మోసమేమీ కాదు, చాలామంది వాడతారు. విరిగిన సీలుని మాత్రం బాగుచెయ్యదు. మోతాదు మించితే రబ్బరు జావగారుతుంది. ఇవన్నీ చినమేస్త్రీకి తెలుసు. పెదమేస్త్రీ మాత్రం ఆ డబ్బాని జన్మలో షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ఈ కారు విషయంలో మరీ పట్టుదల. “కారనీరా. ఆయిలు తగ్గితే పోద్దాం. లోపల ఉన్నది బయటికి పోవాలి,” అనేవాడు. చివరి రోజుల్లో ఆయన ఒంట్లోకి నీరు చేరింది. కాళ్ళు ఉబ్బాయి, పొట్ట ఉబ్బింది, ఆఖరికి మాట కూడా ఉబ్బినట్టే వచ్చేది.

డబ్బా మీద ఒకటే పొయ్యమని ఉంది. టైము లేదు, తెల్లారితే డాక్టరు వంగి చూస్తాడు. చినమేస్త్రీ రెండు పోశాడు.

ఊరి బయటిదాకా తిప్పి తెచ్చి, మేస్త్రీలందరూ చేసే పనే చేశాడు: ఇంజను కింద అట్టముక్క పరిచి, టీ తాగి వచ్చాడు. అట్ట పొడిగా ఉంది. నమ్మలేక వేలితో రాసి చూశాడు. పొడే.

ఆయిలు ఎంతుందోనని కొలపుల్ల లాగాడు. పై గీత దాకా ఉంది.

తుడిచి మళ్ళీ ముంచాడు. గీత దాటింది.

పొద్దున తను ఆయిలు పోసింది కింది గీతకి కాస్త పైదాకానే. రెండు డబ్బాలకి ఇంత పెరగదు. మళ్ళీ ముంచాడు... ఇంకొంచెం పైకి. పుల్లకి అంటుకున్నది నల్లగా లేదు. పల్చగా, పసుపుగా, గోరువెచ్చగా ఉంది. వాసన చూశాడు. ఆయిలు కంపు కాదు. మామయ్య మంచం దగ్గర ఉండేది, ఆ నొప్పుల మందు వాసన.

‘వాన చెమ్మ దిగింది,’ అనుకున్నాడు. ఇంకోసారి వేడెక్కితే ఆవిరైపోతుందని కార్లో కూర్చుని, తలుపు వేసుకుని, స్టార్టు చేశాడు. బయట చీకటి పడుతోంది.

ఇంజను మెత్తగా తిరిగింది. మరీ మెత్తగా. ఎదుటి అద్దానికి ఆవిరి పట్టింది. కిటికీ దించబోయాడు. పిడి తిరుగుతోంది, అద్దం దిగడంలేదు. అద్దం చుట్టూ రబ్బరు పెదవిలా ఉబ్బి ఉంది.

తలుపు నెట్టాడు. రాలేదు.

భుజంతో నెట్టాడు. తలుపు అంచు రబ్బరు... నెమ్మదిగా... లోపలికి పొంగుతోంది. హారను నొక్కాడు. మూలిగినట్టయింది, అంతే. తాళంచెవి తిప్పేశాడు.

ఇంజను ఆగింది. చప్పుడు ఆగలేదు. గొంతులో నీళ్ళు కదిలినట్టు... వెనకసీట్లో.

“అబ్బాయ్...”

చినమేస్త్రీ అద్దంలోకి చూడలేదు.

“చుక్క పడుతోందా...?”

“లేదు మామయ్యా,” అన్నాడు. గాలి చాలడంలేదు.

“మరి నేనెటు పోనురా...”

మెడ మీద గోరువెచ్చగా తడి తగిలింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. గొడుగు పట్టుకుని అత్తయ్య. “తలుపు చేరవేసే ఉంది కదరా, ఏమిటా బాదుడు?” ఒక్క వేలితో తీసింది. అతను కాళ్ళీడ్చుకుంటూ బయటపడ్డాడు. ఆవిడ వెనకసీటు వైపు తొంగిచూసింది.

“నీతో ఉన్నాయన ఎప్పుడు దిగాడు?”

మర్నాడు డాక్టరు వచ్చాడు, వంగాడు, మురిసిపోయాడు. “ఆయిలు పెరిగితే నాకు చెప్పండి,” అన్నాడు చినమేస్త్రీ. “పెరగడమేమిటి మేస్త్రీ? తగ్గితే కదా చెప్పేది,” అని నవ్వుకుంటూ కారు తోలుకుపోయాడు. మళ్ళీ కబురు లేదు. ఇంటికి కొత్త కప్పు పడింది, షెడ్డు నిలిచింది.

ఐదేళ్ళకి అత్తయ్య పోయింది. అన్నీ పద్ధతిగా రాసిపెట్టింది. షెడ్డు, పనిముట్లు చినమేస్త్రీకి. ఇల్లు ఆవిడ చెల్లెలికి. కుట్టుమిషను పక్కింటి కోడలికి. పెదమేస్త్రీకి వేరే ఊళ్ళో తమ్ముడొకడున్నాడు, ఏళ్ళ తరబడి మాటల్లేవు. అతనికి ఏమీ లేదు.

ఆ తమ్ముడు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. “ఇది నాకిస్తానన్నాడయ్యా మా అన్న. ఫోన్లో చెప్పాడు.”

“ఎప్పుడు?”

“ఐదేళ్ళయింది. జూలై పద్నాలుగు, మంగళవారం. వాన పడుతోంది, దీపాలు పెట్టేవేళ. ఆయన అప్పటికే పోయాడని నాకు తర్వాతగానీ తెలీలేదు.”

చినమేస్త్రీ చేతిలో పానా బల్ల మీద పెట్టాడు. “ఏమన్నాడు?”

“‘మేనల్లుడు ఇక బయటికి రాడు, నువ్వొచ్చి షెడ్డు చూసుకో’ అన్నాడు.”

“మరి రాలేదేం చినమామయ్యా?”

తమ్ముడు గుమ్మంలోంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

“మాట మాటకీ గుటక మింగుతున్నాడయ్యా... నోరు నిండిపోతున్నట్టు. భయమేసింది.”

అతను వట్టి చేతులతో వెళ్ళిపోయాడు.