లేవని డీబగ్గర్

ప్రోగ్రాం రాసినవాణ్ణి పొద్దున పదింటికే కాల్చేశారు. ప్రోగ్రాం మాత్రం బతికే ఉంది. సాయంత్రం సరిగ్గా ఐదింటికి అది పదకొండుమంది ఏజెంట్ల పేర్లు, అడ్రసులు శత్రు ముఠాకు పంపేస్తుంది.

ఏజెంట్ తొమ్మిది అని పిలిచే అమ్మాయికి చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు. కంప్యూటర్ ఆపేస్తే ఇంకో దేశంలో దాని జంట ప్రోగ్రాం లేచి అదే పని చేస్తుంది. కాబట్టి ప్రోగ్రాంను నడుస్తుండగానే పట్టుకోవాలి. టెక్స్ట్ ఎడిటర్‌లో, నడిచే ప్రోగ్రాంను మధ్యలో ఆపగలిగే డీబగ్గర్ స్టార్ట్ చేసి, పంపే లైను దగ్గర దాన్ని నిలబెట్టి, అసలు పేర్లు తీసి చచ్చినవాళ్ల పేర్లు పెట్టాలి. ఆ పదకొండుమందిలో ఆమె అన్నయ్య కూడా ఉన్నాడు. ఆ ముక్క చీఫ్ ఆఖరున, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు.

ముఠా ఆఫీసు పైకి ట్రావెల్ ఏజెన్సీ. నాలుగున్నరకు ఆమె ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లింది. రిసెప్షన్‌లో నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, గదంతా సెంటు వాసన. వదిన. ముఠాలో చేరినట్టు నటిస్తూ రెండేళ్లుగా చీఫ్‌కు కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్.

"నీళ్లు కారుతున్నాయా?"

"కారడం లేదు, గడ్డ కడుతున్నాయి."

కోడ్ సరిపోయింది. ముఠావాళ్లు ఐదున్నరదాకా రారని చెప్పి, వదిన లోపలి గది తెరిచి గుమ్మంలో కాపలా నిలబడింది.

తొమ్మిది కంప్యూటర్ ముందు కూర్చుని, డీబగ్గర్‌ను లేపే ఎఫ్5 మీట నొక్కింది. 'స్టార్టింగ్' అని వెలిగి ఆరిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. ప్రోగ్రాం ఉన్న చోటు చూపే పాత్ సరిగ్గానే ఉంది. సెట్టింగ్స్ ఫైలులో ఒక్క కామా కూడా తప్పిపోలేదు. ఎడిటర్ మూసి తెరిచింది. డీబగ్గర్ ఎక్స్‌టెన్షన్ తీసి మళ్లీ ఎక్కించింది. నాలుగూ యాభై ఐదు. అప్పుడుగాని, అంతవరకూ చిరాగ్గా మూసేస్తూ వచ్చిన ఎర్ర అక్షరాల మెసేజ్ ఆమె పూర్తిగా చదవలేదు. ఈ ప్రోగ్రాంకు ఇప్పటికే ఒక డీబగ్గర్ తగిలించి ఉంది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒక ప్రోగ్రాంను ఒక్క డీబగ్గరే పట్టుకోగలదు. ఇంకెవరూ లిస్టు ముట్టకుండా మొదటిదాన్ని తగిలించినవాళ్ల యూజర్ పేరు కిందే ఉంది. అది వదినది.

"చదివేశావా?" అంది వదిన, వెనక్కి తిరగకుండానే. "టూల్ బాక్స్ సర్దుకుని వెళ్లిపో అమ్మాయ్. నీ పేరు లిస్టులో వెయ్యలేదు. ఆ మాత్రం అభిమానం ఉంది."

"మా అన్నయ్యది?"

"మొదటిది. పెళ్లయి ఆరేళ్లు. మీ అన్నయ్య నాకు చెప్పిన నిజం ఆ ఒక్క అడ్రసే. దాన్ని ఏం చేసుకోమంటావ్?"

తొమ్మిది ఎడమచేత్తో స్క్రూడ్రైవర్ తుపాకీ తీసి వదిన వైపు తిప్పింది. అందులో ఒక్కటే తూటా ఉంటుందని ఇద్దరికీ తెలుసు. కుడిచేత్తో వదిన డీబగ్గర్‌ను చంపేసి, ఎఫ్5 నొక్కింది. ఈసారి లేచింది. ఐదుకు మూడు సెకండ్లుందనగా ప్రోగ్రాం పంపే లైను మీద ఆగింది.

చీఫ్ ఇచ్చిన చచ్చినవాళ్ల పేర్ల కాగితం ఆమె తియ్యలేదు. పదకొండు చోట్లా ఒకే పేరు, ఒకే అడ్రసు టైప్ చేసి వదిలేసింది. లిస్టు వెళ్లిపోయింది.

స్క్రీన్ చూసి వదిన కళ్లద్దాలు తీసేసింది. "వాళ్లు నన్ను బతకనివ్వరు. నేను మీ మనిషినే అనుకుంటారు."

"రెండేళ్లుగా మేమూ అలాగే అనుకున్నాం, వదినా," అంది తొమ్మిది, టూల్ బాక్స్ మూస్తూ.