నీళ్ళు పోయడానికి వచ్చినామె

కాన్పు తర్వాత నేను నర్సింహులపేటలో మా తల్లిగారింట్లో ఉన్నాను. ఆపరేషన్ చేసి పిల్లను తీశారు. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. లేవాలంటే ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో కడుపు పట్టుకోవాల్సి వచ్చేది.

ఆ రోజు పొద్దున్నుంచి ముసురు. నన్ను కన్న మా అవ్వ యాకమ్మ వెనకాల స్నానాలు చేసే జాలారి దగ్గర కట్టెల పొయ్యి రాజేసి, బగోనెలో వావిలాకు వేసి నీళ్ళు కాగబెట్టింది. తడి కట్టెల పొగ, ఆకు చేదు వాసన ఇల్లంతా నిండిపోయాయి. పిల్లకు రోజూ నీళ్ళు పోసేది మా వాడకట్టులోని నీలి పెద్దమ్మ. ఆ రోజు పొద్దెక్కినా ఆమె జాడ లేదు.

"నీళ్ళు సల్లారుతున్నయి. నేను పోయి తోల్కొస్త. నువ్వు మాత్రం లేవకు విమలా," అని అవ్వ నెత్తిమీద యూరియా సంచి కప్పుకుని వెళ్ళింది.

పిల్ల పక్కన పడుకుని వాన చప్పుడు వింటున్నాను. కాసేపటికి జాలారి దగ్గర చెంబు చప్పుడైంది. లేచి వెనక తలుపు దాకా నడిచాను. ఒకామె పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని ఉంది. అటు తిరిగి ఉంది. నా ఈడుదే. తలకు గుడ్డ బిగించి చుట్టుకుంది, చెవుల్లో దూది పెట్టుకుంది. నేనూ అలాగే ఉన్నాను. బాలింతలందరం అలాగే ఉంటాం. మరి బాలింత ఇంకొకరి పిల్లకు నీళ్ళు పోయడానికి రావడమేమిటని అప్పుడు నాకు తోచలేదు.

"అక్కా, నీలి పెద్దమ్మ పంపిందా?"

"పిల్లనియ్యి," అంది, ఇటు తిరగకుండానే.

పిల్లను తెచ్చి ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టి, గడపలో కూలబడ్డాను. పని తెలిసిన చెయ్యే. నూనె రాసి, నెత్తి అదిమి, చెంబుతో నీళ్ళు పోయసాగింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పిల్ల ఒంటి మీద పడ్డ నీళ్ళ నుంచి ఆవిరి లేస్తోంది. ఆమె కాళ్ళ మీద పడ్డ నీళ్ళకు మాత్రం ఆవిరి లేదు.

"దవాఖానల నీది ఏ మంచం?" అని అడిగింది.

"కిటికీ పక్కది."

చెంబు ఆగింది.

"గదే నా మంచం."

వాన కూడా ఆగినట్టనిపించింది.

"నా పక్క ఇంకా వెచ్చగనే ఉండె," ఆమె గొంతు గుసగుసలాగా ఉంది. "చద్దరు మార్చి నిన్ను పండబెట్టిర్రు. నా పిల్ల ఏడుస్తదేమో అని నేను ఇంకా ఇనుకుంటనే ఉన్న. ఏడ్వలే. గంతల... గిది ఏడ్సింది."

అప్పుడు ఇటు తిరిగింది.

ముక్కుల్లో కూడా దూది ఉంది.

బతికున్న వాళ్ళ ముక్కుల్లో దూది పెట్టరు.

పిల్ల ఏడుపు ఆగిపోయింది. ఆమె పిల్లను ఎత్తి రొమ్ముకు పట్టింది. నేను అరిచాననుకున్నాను. గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది.

"పాలు గడ్డకట్టినయి," అంది, నా కళ్ళలోకి చూస్తూ. "ఎవరికియ్యాలె? నువ్వే చెప్పు... ఎవరికియ్యాలె?"

పాక్కుంటూ వెళ్ళాను. కుట్ల దగ్గర ఏదో పుటుక్కున తెగి, వెచ్చగా తొడల మీదికి కారింది. పిల్ల నడుము పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. ఆమె రెండు చేతులూ పక్కకు వదిలేసింది. అయినా పిల్ల రాలేదు.

ఆమె పట్టుకోలేదు... పిల్ల పట్టుకుంది.

పిల్ల రొమ్ము వదలకపోతే నోటి మూల నుంచి చిటికెన వేలు పెట్టి విడిపించాలని నర్సు నేర్పింది. వేలు పెట్టాను. నోరంతా చల్లగా ఉంది. బావి రాయిలాగా. పిల్ల నాలుకతో నా వేలిని బయటికి తోసేసింది. మళ్ళీ పెట్టాను. పట్టు వదిలింది. కెవ్వుమంది.

పిల్లను ఎదకు హత్తుకుని వెనక్కి జరిగాను. ఆమె లేవలేదు.

"ఆకలైతే ఏడుస్తది గదా," అంది మెల్లగా. "నాకు ఇనబడ్తది."

ముందు తలుపు చప్పుడైంది. తల తిప్పి మళ్ళీ చూసేసరికి పీట ఖాళీగా ఉంది. అవ్వ, నీలి పెద్దమ్మ లోపలికి వచ్చారు.

"అయ్యో, గీ నెత్తురేంది బిడ్డా!"

జరిగింది చెప్పాను. అవ్వ నా నుదురు పట్టి చూసింది. "జరమొచ్చింది. జరంల ఏందో సూసినవు," అంది. నీలి పెద్దమ్మ తడిసి ఉన్న పిల్ల ఒంటిని తడిమింది. వెళ్ళి బగోనె మూత తీసింది. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. మూత పెట్టేసి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు.

దవాఖానలో కుట్లు మళ్ళీ వేశారు. కిటికీ పక్క మంచం మీద నాకు ముందు ఎవరున్నారని వార్డు ఊడ్చే ఆయమ్మను అడిగాను.

"గిప్పుడు గవన్ని ఎందుకమ్మా," అని తుడిచే గుడ్డ పిండుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ జ్వరంతో నా పాలు ఎండిపోయాయి. పిల్లను ఏడవనివ్వకూడదని పంతం పట్టాను. కాస్త కదిలితే చాలు, డబ్బా పాలు కలిపి చెంచాతో పోసేదాన్ని. ఉమ్మేసేది. పెదవులు బిగపట్టేది. కొన్నాళ్ళకు ఏడవడమే మానేసింది. దేవరుప్పులలో మా అత్తగారింటికి వచ్చాక నా భర్త యుగేందర్ మురిసిపోయాడు. "నా బిడ్డ బంగారం, ఒక్కనాడన్న లొల్లి పెట్టది," అంటాడు.

ఇవ్వాళ అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను. శోభారాణి టీచర్ పిల్లను తూకం గుడ్డలో పడుకోబెట్టి, ముల్లు చూసి నవ్వింది.

"మస్తు పెరిగింది విమలా! గిట్లనే నీ పాలే ఇయ్యి. డబ్బా అలవాటు చెయ్యకు."

తల ఊపాను. పిల్ల ఒళ్ళు విరుచుకుని, ఆ గుడ్డ మీద తెల్లగా ఇన్ని పాలు కక్కింది.

నిన్న రాత్రి నుంచి దాని నోట్లో నేను ఒక్క చుక్క కూడా పొయ్యలేకపోయాను.